చూడవచ్చు, మార్చరాదు

నిరుడు పదకొండు స్లైడ్లు పంపాను
తలుపులన్నీ బార్లా తీసి.
కనిగిరిలో బయల్దేరి ఒంగోలు చేరేసరికి
తొమ్మిదో స్లైడులో నల్లగుట్టపాలెం బోరు
నాలుగు పాయింటు ఆరు కాస్తా
ఒకటి పాయింటు నాలుగు అయింది.

ఫాంటు మారలేదు.
కింద నా పేరు అట్లానే ఉంది:
షేక్ జైతూన్, ల్యాబ్ టెక్నీషియన్.
మీటింగులో తెర మీది నుంచి
నేను కనని అంకె ఒకటి
నన్ను అమ్మా అని పిలిచింది.
లేచి కాదనలేదు నేను.
కాంట్రాక్టు ఉద్యోగం, మార్చిలో రెన్యువల్.

తెర మీద జానెడు కూడా లేదు ఆ మార్పు.
అందులోనే మునిగిపోయింది
ఊరికి రావాల్సిన నీళ్ల ప్లాంటు.

ఈసారి బస్టాండు పక్కన జిరాక్సు షాపు వెలిగొండయ్యని అడిగాను.
"ఇదిగో మేడమ్, వీళ్లందరికీ చూసేదే.
దిద్దేది మీరొక్కరే.
కాపీ తీసుకునేది కూడా ఆపేశా."
"ఫోటో తీసుకుంటేనో?"
"దానికి మందు లేదు" అన్నాడు,
ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే మొదటి తట్టుడు:
ఇంజనీరు గారు దిద్దే అనుమతి కోరుతున్నారు.
అన్నం తింటుంటే రెండోది.
తెల్లారి ఫోను.
"ఏం లేదమ్మా, స్పెల్లింగులు సరిచేద్దామని."
"తప్పులెక్కడో చెప్పండి సార్, నేనే దిద్దుతా."
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు
చాలాసేపు విన్నాను.

మూడో రోజు ఇంకొకరు అనుమతి అడిగారు.
యాకోబు, పదో తరగతి.
లెక్కల మాస్టారు క్లాసులో చూపించాడంట.
"మేడం మా పల్లెలో బోర్లు రెండని ఏశారు. మూడు.
చర్చి ఎనకమాల చేతిపంపు మీ దాంట్లో లేదు.
నేను పెట్టబోతే పెట్టనియ్యలేదు."

పదకొండు ఊళ్లు తిరిగానని
నాకు నేనే చెప్పుకున్న మాట
నోట్లో ఉప్పగా తగిలింది.
ఆ రోజు ఎండకి జడిసి
రోడ్డు పక్క బోర్లతోనే వెనక్కి తిరిగిన సంగతి
నాకూ ఆటో అతనికీ తప్ప ఎవరికీ తెలియదు.
నా గడియ
అంకె మింగినోడి ముందూ పడింది,
అంకె తెచ్చినోడి ముందూ పడింది.

ఆదివారం మధ్యాహ్నం బస్సు, సంచిలో సీసా.
పంపు కాడ యాకోబు వాళ్ల జేజి
నడుం ఎత్తకుండానే తల ఓరగా తిప్పి చూసింది.
"ఏందమే, ఈ నీళ్లు మంచియి కావని చెప్పేదానికేనా
ఇంత దూరం వచ్చినావు?
మా మోకాళ్లని అడిగితే చెప్పవా."

మూడుసార్లు తొలిచి సీసా నింపాను.
లేబులు తనే రాస్తానన్నాడు పిల్లోడు,
నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం అదిమి.

ల్యాబులో ఆ నీళ్లలో ఎర్రమందు కలిపితే
చూస్తూ ఉండగానే వెలిసిపోయింది.
ఎంత వెలిస్తే అంత విషం, ఇక్కడి లెక్క అది.
ఐదు పాయింటు రెండు.
నమ్మక మళ్లీ చేశాను.
ఐదు పాయింటు రెండు.

గడియ తీశాను.
పన్నెండో స్లైడులో అంకె వేసి
పక్కన లేబులు ఫోటో పెట్టాను:
చర్చి ఎనకమాల పంపు.
ఆ ఒక్క స్పెల్లింగూ దిద్దలేదు.
ఒకటో స్లైడులో "అన్ని బోర్లూ" అన్నది కొట్టేసి
"మేము వెళ్లిన బోర్లు" అని రాశాను.
మళ్లీ గడియ పెట్టాను.

రాత్రి పదకొండు దాటాక కరెంటు వస్తే
ఊరికే తెరిచి చూశాను.
పైన మూలన, ఎవరో చూస్తున్నారని చెప్పే
చిన్న పచ్చ గుండ్రంలో
"య" అని ఒకే అక్షరం.
పన్నెండో స్లైడు దగ్గరే నిలబడి ఉంది
కదలకుండా.