పలక మీద లెక్క

తొమ్మిదొందల అడుగులు దించినా
పైకొచ్చింది బండపొడే.
రిగ్గు బండి పామూరు రోడ్డెక్కింది,
బిల్లు నా జేబులో మిగిలింది.

ఇరవయ్యేళ్ళు మోటర్లు విప్పి బిగించిన చేతులివి.
ఇప్పుడు కంప కొట్టి
పూడిన దిగుడుబావి మెట్లు వెతుకుతున్నాయి.
ఏడో మెట్టు మీద ఎవరిదో కొడవలి, పిడి లేదు.
ఇంటికి తెచ్చి సానబెట్టా. తెగుతా ఉండాది.

మాలకొండమ్మత్త వరిగ విత్తనం బూడిదలో కలిపి
సొరబుర్రలో పోసి మూతికి పేడ మెత్తింది.
"ఎన్నాళ్ళకత్తా?"
"నేను తినేదానికి కాదులేరా."
సగం నాకిచ్చింది.
రెండిళ్ళలో ఉంటే
ఒకింట్లో ఎలుక గెలిచినా పర్లేదంట.

కరెంటు పోయిన రాత్రి
మీరాబీ కూతురికి తాడు ముళ్ళు నేర్పా.
మూరకో ముడి, కొసకి రాయి.
అమాసకోసారి బావిలోకి వదలాల,
తడిసిన ముళ్ళెన్నో
మార్కాపురం పలక మీద రాయాల,
బలపంతో కాదు, మేకుతో గీకి.
ఫోన్లో పెట్టుకుంటానంది.
పెట్టుకో. పలకమీదా గీకు, అన్నా.

మొదటి మూడు అమాసలూ సున్నాలే.
సున్నా ఎందుకు గీకాలని అలిగింది.
ఎండిన ఏడు కూడా లెక్కేనమ్మా,
మేం రాసుకోలేదు, అందుకే మర్చిపోయాం.

నిన్న పరిగెత్తుకొచ్చింది, చేతిలో తాడు కారుతా:
"సగం ముడి తడిసింది మామా,
సగాన్ని ఎట్టా గీకాల?"