రసీదు

కేజీహెచ్ మూడో అంతస్తు కిటికీలోంచి
రాత్రిపూట సముద్రం కనబడదు.
బయటి లంగరులో ఆగిన ఓడల దీపాలే.
ఏడు. నిన్నా ఏడే.

పోర్టులో నా పని బెర్తుల చిట్టా రాయడం.
ఏ ఓడనీ రావద్దనం,
ఇంకా చోటు ఖాళీ కాలేదంటాం, అంతే.
మన ప్రార్థనా అలాంటిదే పిన్నీ, అన్నాను
పెద్ద ధైర్యం చెప్పాననుకుని.

ప్రిస్కిల్ల పిన్ని స్టీలు గ్లాసు తొలుస్తూ
"ఓడకి నెంబరుంటాది నాయినా,
నాకు పేరుంది" అంది.

మంచం మీద తీతు బాబాయి.
మూతి ఓ పక్కకి జారి
పదకొండు రోజులుగా ఒక్క మాట లేదు.
జ్ఞానాపురం బొగ్గు దుమ్ము
ఇంకా ఆయన గోళ్లలోనే ఉంది.

పిన్ని రెండు మంచాల మధ్య సందులో మోకరించి
కొంగు నెత్తిన కప్పుకుంది.

"తండ్రీ, ఈయన మళ్లీ నన్ను తిట్టేలా సెయ్యి.
కూరలో ఉప్పు లేదని కసరాల.
ఇత్తావని తెలుసు. ఎలాగిత్తావో నీ ఇష్టం.
వందనాలు. ఆమెన్."

ఆ వందనాలు దేనికో నాకర్థం కాలేదు.
సరుకు దిగకముందే
అందినట్టు రసీదు రాసిచ్చేసింది.

పక్క మంచం సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ
నేను మేలుకునే ఉన్నాను.
పిన్ని మాత్రం
చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని,
ఆమెన్ తడి ఆరకముందే నిద్రపోయింది,
గురకతో సహా.

తెల్లారగట్ల చూస్తే ఆరు దీపాలున్నాయి.
బాబాయి ఇంకా ఏమీ అనలేదు.
పిన్ని గంజి కలుపుతోంది,
కావాలనే
ఉప్పు వెయ్యకుండా.