ఎర్ర గీత

అనంతపురం, గడియారస్తంభం దగ్గర
బట్టలంగడి పైన మిద్దెలో మా కేబుల్ చానల్.
ఏసీ మనుషులకు కాదు, ఆడియో ప్రాసెసర్‌కు.

ఖాదర్‌వలీ సార్ నేర్పిన పాఠం ఒక్కటే:
"అరిచేవాని గొంతు పిసకొద్దురా,
బుజం మీద చెయ్యెయ్. సాలు."

మొదట్లో నేను వినలే.
నగలంగడి ప్రకటన ఎర్ర గీత దాటిందని
తల తెగ్గోసినా.
తెర మీద అల
తాడిపత్రి బండ మాదిరి చదునైంది.
స్పీకర్లో గరగర,
అన్నంలో పంటి కింద రాయి.

ఈ రాత్రి వార్తల్లో
ముందు ఒక నాయకుడు, మైకు మింగేటట్టు.
చెయ్యేసినా. తగ్గినాడు.

తర్వాత కూడేరు హనుమక్క,
ఎండిన బోరు పక్కన.
ఆమె గొంతుకు ఎర్ర గీత ఆమడ దూరం.
పెట్టె తనంతట తానే
పన్నెండు డెసిబెల్స్ పైకెత్తింది,
సంకన బిడ్డను వేసుకున్నట్టు.

"ఇది అయిదో బోరు సార్..."
ఆగిపోయింది.

మాట కోసం వెతుక్కుంటా పెట్టె
ఇంకా పెంచింది, ఇంకా:
గాలి రొద,
ఎక్కడిదో మేక మెడలో గంట,
ఆమె మింగిన గుటక.

ఇట్లాంటి సందుల్ని మూసేదానికి
మీట ఒకటుంది.
వేలు దాని మీదే ఉండాది.
నొక్కలే.