తొడిమలు

కొరిటెపాడులో మూడో అంతస్తు.
ఇస్త్రీ బల్ల మీద బియ్యం డబ్బా, డబ్బా మీద ఫోను,
ఫోనులో నేను.
నుదురొక్కటే కనబడుతోందని ఎవరో మెసేజి పెడితే
కాస్త వెనక్కి జరిగాను.
కుక్కరు మూడో కూత దాకా ఆగి
రసాయన సమతాస్థితి మొదలుపెట్టాను.

నలభై మూడు నల్ల గళ్లు.
గడికో అక్షరం,
తాళం వేసిన తలుపుల మీద సుద్దముక్కతో గీసినట్టు.
"వినబడుతోందా?" అంటే
పట్టాభిపురం నుంచి లారీ హారన్,
ఫిరంగిపురం నుంచి కోడిపుంజు.
"వినబడుతోంది మేడమ్" అన్న మాట
పావుగంట తర్వాత వచ్చింది.
అప్పటికి నేనేం అడిగానో నాకే గుర్తు లేదు.

హైవే పక్కన యూనివర్సిటీలో ల్యాబు,
తాళంచెవి అటెండరు దావీదు దగ్గర,
దావీదు క్వారంటైన్‌లో.
మార్చిలో కడిగి బోర్లించిన బ్యూరెట్లు
ఇంకా ఆరుతూనే ఉన్నాయి.
ఏం చెయ్యను, పసుపునీళ్లు కలపమన్నాను పిల్లల్ని,
సున్నపు తేట ఒక్కో బొట్టే వెయ్యమన్నాను.
దుగ్గిరాల నాగుల్ మీరా కెమెరా తెరిచి
ఎర్రబడ్డ గాజు గ్లాసు చూపించాడు.
వాడి వెనక ఇంటి కప్పు దాకా బస్తాలు.
"యార్డు మూసేశారుగా మేడమ్,
పసుపుకేం కొదవ లేదు."

నాది గంటల లెక్క ఉద్యోగం.
ఈ గంటలు అసలు గంటలేనా అని
పై ఆఫీసులో ఒక ఫైలు ఆలోచిస్తోంది.

పదిహేడో నంబరు జోజిత.
అందరికన్నా ముందొచ్చేది,
అందరికన్నా ఆఖర్న పోయేది,
పిలిస్తే మాత్రం పలికేది కాదు.
ఒకరోజు విసిగి
"నిద్రపోతున్నావా పదిహేడూ?" అన్నాను.
మ్యూట్ ఊడింది.
ఒకటే దగ్గు.
ఒక్క మనిషిది కాదు, నలుగురైదుగురిది,
తుమ్ములు, గాజుల చప్పుడు, ఫ్యాను హోరు.
ఆ రోజుల్లో దగ్గంటే తెలుసుగా,
నలభై రెండు గళ్లూ బిగుసుకుపోయాయి.
ఎవరో లైను కూడా కట్ చేసుకున్నారు,
ఫోన్లోంచి అంటుకుంటుందన్నట్టు.
"అది కాదు మేడమ్. ఘాటు. మిరపకాయ ఘాటు."
మళ్లీ మ్యూట్.

తెరిచారు ఎట్టకేలకు.
బల్లకొకరు, మాస్కుల పైన కళ్లు.
మొహాలు ముందూ చూసినవి కావు,
గొంతుల్ని బట్టి పోల్చుకోవాల్సొచ్చింది.
జోజిత ఫ్లాస్కు పట్టుకుంటే వేళ్లు చూశాను,
కొసలు కంది, తోలు లేచి.
ఏ ఇండికేటరూ ఇవ్వని ఎరుపు.

చుట్టుగుంట దాటాక కోల్డ్ స్టోరేజీ షెడ్డట.
అమ్మతో తొడిమలు తీసే పని, బస్తాకింతని.
ఇయర్‌ఫోన్లు లేక
క్యారేజీ సంచికి ఫోను ఆనించి స్పీకరు పెట్టేదట.
పద్దెనిమిది మంది ఆడవాళ్లు
కాయ కాయకీ తొడిమ గిల్లుతూ
నాలుగు నెలలు నా పాఠం విన్నారట.

"ఆదివారాలు అడిగేవాళ్లు మేడమ్,
ఇవాళ మీ పంతులమ్మ రాలేదేందే అని.
ఒత్తిడి పెంచితే సమతాస్థితి ఎటు జరుగుద్దని
మీరడిగి ఊరుకున్నారు చూడండి,
మా సామ్రాజ్యం పిన్ని వెంటనే చెప్పింది.
తగ్గేవైపుకే జరుగుద్ది,
పెరిగేవైపుకి ఎవరు జరుగుతారమ్మా, అని.
నేనే మ్యూట్ తియ్యలేదు."

ఆ రోజు నాకు బాగా గుర్తు.
ఎవరూ చెప్పలేదని
జవాబు నేనే చెప్పేసి
నీళ్లు తాగడానికి లేచాను.

నెలాఖరుకి ఫారం వచ్చింది.
చెప్పిన గంటలు. హాజరైనవారు.
నలభై మూడని రాసి
కాసేపు కూర్చుని
కొట్టేసి అరవై ఒకటి వేశాను.

అంకె తప్పు పడిందని
సెక్షన్ నుంచి వీరరాఘవులు గారు ఫోన్ చేశారు.
లేదండీ, అన్నాను.