వాడుకలో లేదు

రిచీ స్ట్రీట్‌లో నాగూర్ మీరాన్
మోడెమ్‌ని ఉల్లిపాయల్లా తూచి ఇచ్చాడు.
గ్యారంటీ అడిగితే నవ్వాడు.

పెరంబూరు మేడగదిలో మూడు రాత్రులు.
లినక్స్ దాన్ని చూస్తుంది,
పలకరించదు —
పెళ్లిపందిట్లో అప్పులవాడు ఎదురైనట్టు.

డ్రైవర్ రాసిన మహానుభావుడెవడో
కోడ్ మధ్యలో ఒక మాట వదిలిపోయాడు:
"ఈ లైను ఎందుకుందో తెలీదు. తీయొద్దు."
తీశాను.
చచ్చింది.
తిరిగి పెట్టి, కెర్నెల్ మళ్లీ వండుకుని,
చల్లారిన కాఫీలో చీమని తీసి తాగాను.

తెల్లవారుజామున నాలుగింటికి
దాని డొక్కు స్పీకర్ గొంతు సవరించుకుంది.
పాత ఇంటర్నెట్ నంబరు
అంకె అంకె అప్పజెప్పింది.
అవతల ఎవరిదో ఆడగొంతు,
ఎంతో మర్యాదగా, అరవంలో —
ఈ నంబరు వాడుకలో లేదని.

హైమ లేచి కూర్చుంది.
"ఎవరావిడ?"

చెప్పేసరికి తెల్లారింది.