పడుగు బిగువు

మొదటిరోజు ఉత్త చెమటలే.
"మానేసిన అనసూయా, ఇగ ముట్ట" అని
గోడకొరిగి కూసున్నడు.
నేను సంబురపడ్డ.
తెల్వకపోవుడు ఎంత సుఖం.

రెండోరోజు చాయ గ్లాసు పట్టుకుంటే
సగం బనీను మీదనే.
ఇరవై ఆరేండ్లు నాడె విసిరిన చెయ్యి
ఒట్టి గాలిల నాడె ఆడిస్తున్నట్టు వణికింది.
బెల్టుషాపు పిలగాడు గడప దాక వచ్చి
"ఒక్క క్వార్టర్ పడితే అంత సర్దుకుంటది పెద్దవ్వా" అన్నడు.
అబద్ధం కాదు అది.
బాధంత అక్కడనే ఉన్నది.

మూడో రాత్రి
జంపఖానాల కట్టల్ల నుంచి చీమలన్నడు.
ఎర్రచీమలు, పోగులెక్క బారుగట్టి
తన మీసాల మీదికి.
ఒక్కొక్కటి ఏరి నా కొంగుల ఏసిండు.
నేను కొంగు పట్టిన,
ఏంజెయ్యాలె?
తెల్లారగట్ల కండ్లు మీదికి పోయి, పండ్లు గిట్టకరిసి,
ఫిట్స్.
ఆటో పోచమ్మమైదాన్ కాడ మలిగినప్పుడు
నా ఒళ్లె ఉన్న తల
నాకు తెలిసిన బరువు కాదు.

ఎంజీఎంల చేతులను మంచానికి గుడ్డతోని కట్టిండ్రు.
సిస్టరమ్మ ముందుగాల బీవన్ సూది ఇచ్చింది,
గ్లూకోజు తర్వాతనే అని ఎవలినో గద్దించింది.
ఆ వరుసేందో నాకప్పుడు తెల్వదు.

డాక్టరమ్మ మా చెల్లె బిడ్డంత ఉంటది.
కాయితం మీద తలకాయ గీసి
"మెదడుకు ఒక బ్రేకు, ఒక ఆక్సిలేటరు ఉంటయమ్మా" అన్నది.
నాకు బండి రాదు బిడ్డా అన్న.
"మరేమొస్తది?"
మగ్గమొస్తది.

అప్పుడు ఇద్దరం కలిసి మళ్ల గీసినం.

మందు దినాం వచ్చి పడుగు వదులు చేస్తది.
వదులు పడుగు మీద నేత సాగదు గద,
అందుకే మెదడు లోపట కూసోని
అది వదిలినంత ఇది బిగిస్తది.
ఏండ్లకేండ్లు ఇదే పోరు,
పైకి బట్ట బాగనే కనపడ్తది.
ఒక పొద్దున వదిలే చెయ్యి రాదు.
బిగించే చేతికి ఆ కబురు చెప్పేటోడు లేడు.
అది బిగిస్తనే ఉంటది.
పోగులన్ని ఒక్కపారి మోగుతయి,
మోగి మోగి తెగుతయి.
వణుకు అదే. చీమలు అవే.

"ఇంట్ల ఒక్కసారే ఆపనియ్యొద్దమ్మా,
మా దగ్గరికి తెచ్చి ఆపాలె" అన్నది.
నా కడుపుల ఏదో జారింది.
ఒట్టు పెట్టించుకున్నది నేనే,
మార్కండేయ గుడిల పసుపు దారం కట్టి
"ఇయ్యాల్టి నుంచే" అని.
ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలే.
మీకే చెప్తున్న.

ఎనిమిదో నాటికి వణుకు పోయింది.
"సదానందం, నిన్నేం తిన్నవయ్య?" అని సిస్టరమ్మ అడిగితే
"హన్మకొండల మా అక్క ఇంట్ల బూరెలు" అన్నడు, నిమ్మలంగ.
అక్క పోయి నాలుగేండ్లు.
అబద్ధం కాదట అది కూడ.
తెగిన కాడ మెదడు
దొరికిన పోగుతోని ముడేస్తదట.
నాకు ముళ్లు ఎరుకే.
మంచి ముడి బట్ట తిప్పి చూస్తే గని దొరకదు.

ఇంటికొచ్చి రెండు నెలలు.
సూదులు నడుస్తనే ఉన్నయి.
గోలీలను మాత్రం మెల్లమెల్లగ తగ్గించిండ్రు,
దోనె మీద ఒక్కొక్క పన్ను వదిలినట్టు.
అయినా ఆరుగొట్టంగ
బెల్టుషాపు ఫ్రిజ్జు తలుపు చప్పుడైతే
మెడ దానంతటదే అటు తిరుగుతది.
ఆయన తిప్పలేదు, నాకు తెలుసు.
నేను చూసుడు ఆయన చూస్తడు.
ఇద్దరం ఏమనం.

నిన్న పంజా పట్టి
జంపఖాన మూలకు ఒక పువ్వు దించిండు.
నాలుగు రేకులుండాలె,
ఐదొచ్చినయి.
లెక్క తప్పిందని తనకూ సమజైంది.
ఇప్పాల్నా అన్నట్టు నా దిక్కు చూసిండు.
నేను కండె చుట్టుకుంటనే
"ఎర్రనూలు అయిపోవచ్చింది,
రేపు ఇద్దరం పోయి తెద్దాం" అన్న.