మేడ మీది జపానాయన

మా మేడ మీద గదిలో ఏడేళ్ళ నుంచి
ఒకాజిమా గారని ఒకాయన అద్దెకుంటున్నాడండి.
పాలకుర్రాడు చీటీలో "ఒకాజి రాజు గారు" అని రాస్తాడు.
ఆకివీడులో నాలుగు రోజులుంటే
ఎవరైనా రాజుగారైపోవచ్చు.

ఆయన పని రొయ్యల చెరువుల్లో
నీళ్ళకి ఊపిరెంతుందో చూడ్డం.
తెల్లారగట్ల నాలుగింటికే సైకిలేసుకుని పోతాడు.
గట్టు మీద నిలబడి ఏరియేటర్ల చప్పుడు విని
"మూడోది దగ్గుతోంది" అంటాడు.

తెలుగు జిల్లా పేపర్లో నేర్చాడు.
అంచేత ఆయన తెలుగులో ఎవరూ చచ్చిపోరు,
దుర్మరణం పాలవుతారు.
మా పనివాడు చెప్పకుండా మానేస్తే
"పరారీలో ఉన్నాడా?" అనడిగాడు.
ఓ రోజు పేపరు మడిచి,
"మంగతాయారు గారూ, ఈ గుర్తు తెలియని వాహనం
మొన్న ఉండిలో గుద్దింది, నిన్న కాళ్ళలో,
ఇవాళ కైకలూరు రోడ్డులో.
ఇన్నేళ్ళయినా ఎవరికీ గుర్తు తెలీలేదా?"
చట్నీ రుబ్బుతూ పకపకా నవ్వాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదండి.

"ఇదిగో వచ్చేస్తన్నా" అంటే నలభై నిమిషాలని ఆయన లెక్క.
"దార్లో ఉన్నా" అంటే ఇంకా నీళ్ళు పోసుకోలేదని.
పెళ్ళి మైకుల మీద మాత్రం ఏమీ అనలేదు,
కొట్లో దూది కొనుక్కున్నాడు.
వరదొచ్చినప్పుడు కిందికొచ్చి మాతో టీవీ చూస్తాడు.
ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది...
అది ఆయనకి భలే ఇష్టం.
"నది నంబరు వేసి మరీ చెబుతుంది,
మనుషులే చెప్పరు" అంటాడు.

లెక్కల మాస్టారు భీమశంకరం గారు
రోజూ ఇడ్లీకొచ్చి ఒకటే పాట:
"మీ దేశంలో రైలు నిమిషం లేటయితే
మైకులో క్షమాపణ చెబుతారట గదండీ!"
జపాను తానే కట్టినట్టు చెయ్యి పైకెత్తి.
ఒకాజిమా గారు ఇడ్లీ ముక్కని
కారప్పొడిలో అద్ది, మళ్ళీ అద్ది,
"చెప్పేది మా అన్నయ్యేనండి.
స్టేషన్లో, మైకు దగ్గర, ముప్పై ఏళ్ళు.
నాన్న పోయాక పొలం గొడవలొచ్చి
నాతో పద్నాలుగేళ్ళు మాట్లాడలేదు.
ఆ లేటుకి మైకు లేదు."
మాస్టారు సాంబారు అడిగారు.

మొన్న మాఘమాసంలో వచ్చిందండి ఆ వార్త.
భూకంపం, వాళ్ళ వైపే.
టీవీలో లైటు స్తంభాలు తాటాకుల్లా ఊగుతున్నాయి.
హోటలు హోటలంతా ఆయన మొహమే చూస్తోంది.
మీ ఊరేనా? సముద్రం పైకొస్తదా?
ఆయన టీ గ్లాసులోకి చూస్తా
"నాకూ మీకు తెలిసినంతే. టీవీ ఒకటే గదా" అన్నాడు.
పైకెళ్ళి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు.
నాలుగింటికి మామూలుగానే చెరువులకి పోయాడు,
మూడోది దగ్గుతోందని మెకానిక్కుని పిలిపించాడు.

రెండో రాత్రి, పదకొండు దాటింది.
పై నుంచి గట్టిగా, "హాయ్... హాయ్..."
వాళ్ళ భాషలో అవునండీ అనట.
ఏడేళ్ళలో ఆ భాష మా ఇంట్లో వినపడ్డం
అదే మొదలు, నాకేం తెలుసు?
పిలుస్తున్నాడనుకుని మెట్ల కింద నుంచి
"ఆయ్" అన్నాను.
మళ్ళీ "హాయ్." మళ్ళీ నేను "ఆయ్."
పదిసార్లేనా అయ్యుంటుంది.
మజ్జిగ గ్లాసుతో ఎక్కి చూద్దును గదా,
ఫోను చెవికానించుకుని
సున్నం రాలిన గోడకి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు,
కళ్ళు తుడుచుకోకుండా.
అటు నుంచి ఎవరో గబగబా, తడబడతా, ఆగకుండా.
రైళ్ళ పేర్లు చదివే గొంతు కాదండి అది.
గ్లాసు గుమ్మంలో పెట్టి దిగొచ్చేశాను.

మర్నాడు పేపర్లో భూకంపం ఆరో పేజీలో, అగ్గిపెట్టంత.
మొదటి పేజీ నిండా
వంద కౌంటు రొయ్య ముప్పై రూపాయలు పడిందని.
మాస్టారికి మండింది, "చూశారా మనవాళ్ళ తెలివి!"
ఆయన తలడ్డంగా ఊపాడు.
"కరెక్టేనండి. ఇక్కడ కొంపలు కూలేది దీనికే."

ఇంకో రెండు ఇడ్లీ వెయ్యనా అన్నాను.
"ఆయ్" అన్నాడు,
ఏ భాషలో అన్నాడో మరి.